కర్నల్ గారింట్లో హాజరీ

“మేజర్ లూకా!”

వరండాలో నిటారుగా నిలబడి కర్నల్ జ్ఞానశేఖర్ పిలిచాడు.

కార్ఖానా బస్తీలోని ఆ బంగళాలో సాయంత్రం ప్రార్థనకు ముందు హాజరీ పడాల్సిందే. తాతల నాటి పద్ధతి. పెద్ద కొడుకు ఫౌజుకి, చిన్న కొడుకు సర్కారు కుర్చీకి, మేడ్చల్ పొలాలు కౌలుకి. ఆ ఇంట్లో ఇంకో రకం లేదు.

“హాజర్, సర్!”

పలికింది లూకా కాదు, తమ్ముడు జకర్యా. ఊళ్లో ఎమ్మార్వో, ఇంట్లో అన్నకు బదులు గొంతు. భారీ మనిషి లూకా నిరుడు సరిహద్దులో పోయాడు. శవపెట్టె మీది జెండా అందుకున్నది ఈ కర్నలే. నెల తిరక్కుండా మళ్లీ ఆ పేరు పిలవడం షురూ చేశాడు. పలికేదాకా వదలడు.

“గదేం గొంతురా? లూకా గిట్లనే పలుకుతడా? గట్టిగ!”

“హాజర్, సర్!”

గోడవతల పక్కింటి భద్రయ్య నవ్వాడు. “ఏం ఎమ్మార్వో సాబ్, ఇయ్యాల సుత డబల్ డ్యూటీనా?”

జకర్యా తల దించుకుని లోపలికి నడిచాడు. భార్య ఎమిలీ కాచుకునే ఉంది.

“మామయ్యకు దిమాక్ ఖరాబైందండీ. మోండా మార్కెట్ల కూరగాయలామె సుత అడుగుతుంది. మీరింక పలకకండి. పలికిండ్రంటే నేను బోయిగూడల మా అమ్మోళ్లింటికి పోతా. అత్తమ్మను చూడండి, పాపం, ఎట్ల ఓర్సుకుంటుందో!”

వరండాలో పేము కుర్చీలో జకర్యా తల్లి కాంతమణి స్వెటర్ అల్లుతోంది. షుగర్‌తో చూపు పోయింది, వేళ్లతో తడుముకుంటూ అల్లుతుంది. కొడుకును పాతిపెట్టిన రోజు నుంచీ నలుగురిలో నోరు విప్పలేదు. ఆ స్వెటర్‌లో ఇద్దరు జకర్యాలు పడతారు. కళ్లు లేవు కదా, కొలత తప్పిందనుకున్నాడు జకర్యా.

మర్నాడు సాయంత్రం.

“మేజర్ లూకా!”

జకర్యా పెదవులు బిగించాడు.

“మేజర్ లూకా!”

కాంతమణి చేతుల్లో సూదులు ఆగిపోయాయి. ఆమె ముఖం గేటు వైపు తిరిగింది.

“బస్, డాడీ! ఇంక నాతోని కాదు. అన్న—”

ఫౌజులో ముప్ఫై ఏళ్లు చేసిన ఆ చెయ్యి జకర్యా నోటిని గట్టిగా మూసేసింది. కర్నల్ కొడుకు చెవిలోకి వంగాడు.

“జెర గట్టిగ పలుకురా, వాడు పోయిండన్న సంగతి మీ అమ్మకు యాదిలేదు.”