కొంగున ముడి

"మూడు రకాలు తెచ్చి, వారం రోజులు ఆడి చూసి, ఇదొక్కటే పనికొస్తాదని ఏరుకున్నానమ్మా. సెమ్మ తగలకుండా బియ్యం డబ్బాలోనే ఎట్టేను. ఇప్పుడు నేదంటే ఎలాగ?"

కెవిన్ డబ్బాని నేల మీద బోర్లించాడు. బియ్యం గదంతా చెదిరాయి. పూల్ ఆటలో కర్ర మొనకి రాసుకునే నీలం సుద్దబిళ్ళ మాత్రం కనిపించలేదు.

"ఎలకెత్తుకుపోయిందేమోరా," అంది దేవమణి.

సుద్దబిళ్ళ ఆవిడ కొంగున ముడిలో ఉంది.

ఫ్యాక్టరీ టౌన్‌షిప్ క్లబ్బు పైకప్పు వానకి కారుతోంది. అందుకే క్లబ్బు కార్యదర్శి గోవిందరావు, క్లబ్బు వదిలేస్తే కెవిన్ ఇంటికి తెచ్చుకున్న పాత పూల్ బల్ల మీదే ఆట పెట్టాడు. తనతో ఒక్క ఆట. గెలిస్తే కెవిన్ క్లబ్బు జట్టులో చేరినట్టే.

జట్టంటే ఏమిటో దేవమణికి తెలుసు. ఈ వారం భువనేశ్వర్, పై వారం రాంచీ. వానలో కొండల మీద ఘాటీ రోడ్డు, నిద్ర చాలని డ్రైవరు. పొట్టంగి మలుపుల్లో బస్సు ఒరిగినప్పుడల్లా ప్రార్థన చేసుకునే మనిషి ఆవిడ. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్ పని చాలదా వీడికి? పొద్దున్న వెళ్తాడు, చీకటి పడకముందే కళ్ళ ముందుంటాడు.

"జయపురం ఎళ్ళి తెద్దునా అంటే టైము నేదు," అన్నాడు కెవిన్. మిగిలిన రెండు బిళ్ళలూ అరచేతిలో పెట్టి చూపించాడు. "ఎర్రది ముట్టుకుంటే పొడైపోతంది. ఆకుపచ్చది సెమ్మకి మెత్తబడిపోయింది. ఏది తీసుకోనమ్మా?"

రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు. దేవమణి చెయ్యి ముడి మీదకి వెళ్ళింది. పొట్టంగి మలుపు కళ్ళలో మెదిలింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆకుపచ్చదే తీసుకో నాయనా," అంది.

చెమ్మ సుద్ద రాస్తే కర్ర జారుతుందని వారం రోజులుగా చెబుతున్నది వాడే.

గోవిందరావు గొడుగు మూసి లోపలికి వచ్చాడు. ఆట మొదలైంది. కెవిన్ ఒక్కో బంతినీ ఆచితూచి కొట్టాడు. ప్రతి దెబ్బకీ ముందు ఆకుపచ్చ బిళ్ళని మొనకి రుద్దుతూనే ఉన్నాడు. చివరికి నల్లబంతి ఒక్కటే మిగిలింది. గుంతకి జానెడు దూరంలో ఉంది.

"ఇదైపోతే నువ్వు మావోడివేరా," అన్నాడు గోవిందరావు నవ్వుతూ.

కెవిన్ వంగి కొట్టాడు. కర్ర సర్రున జారింది. తెల్లబంతి పక్కకి దొర్లిపోయింది. గోవిందరావు నవ్వు ఆగిపోయింది. ఆటలో మోసం చెయ్యడం చేతకాక, అయిష్టంగానే నల్లబంతిని గుంతలోకి తోశాడు.

కెవిన్ కర్రని గోడకి ఆనించి, గుమ్మంలోకి వెళ్ళి వాన చూస్తూ నిలబడ్డాడు.

దేవమణి తేలిక పడ్డ గుండెతో టీ తెచ్చింది. "పోన్లెండి బాబూ. ఆడు ఊళ్ళట్టుకు తిరగడం నాకూ ఇష్టం నేదు. ఇక్కడే నా కళ్ళ ముందు పడుంటాడు."

గోవిందరావు గ్లాసు అందుకోలేదు. "ఏట్రా కెవిన్, అమ్మకి సెప్పనేదా?"

"సెప్తే ఆ పూట నుంచే అన్నం మానేస్తాదండి," అన్నాడు కెవిన్ వెనక్కి తిరక్కుండా. "గెలిచేక సెబుదామనుకున్నాను."

"ఏటి బాబూ? ఏటి సెప్పనేదు?" దేవమణి పిడికిట్లో కొంగు ముడి నలిగింది. నీలంరంగు వేళ్ళ సందుల్లోకి దిగింది.

"మా జట్టు ఏడాదికోసారి రాయగడ ఎళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాదమ్మా, అంతే," అన్నాడు గోవిందరావు తల దించుకుని. "కాంట్రాక్టు కుర్రాళ్ళందరినీ సోమవారం ఛత్తీస్‌గఢ్ బొగ్గుగని లోపలికి పంపేస్తన్నారు, జట్టులో ఉన్నోడిని మటుకే క్లబ్బు పేరు సెప్పి ఇక్కడ ఆపగలను."