చక్రాలు పీకిన బండి

క్రేను కొక్కెం వ్యాను బంపరుకి తగిలిస్తుంటే హనుమయ్య అడ్డంగా కూర్చున్నాడు. లోపల సీట్లు తీసేసి వేసిన చెక్కబల్ల మీద అతని భార్య ఛాయాదేవి పడుకుని ఉంది. కడుపుకి ఆపరేషన్ జరిగి ఇంకా వారం కాలేదు.

ఢిల్లీ శివారు ద్వారకలో పార్కు గోడ పక్కన ఆ వ్యానులోనే వాళ్ల కాపురం. డీజిలు బండికి పదేళ్లు దాటితే ఢిల్లీలో తుక్కుకి పోవాల్సిందే. దానికి పదకొండు నిండాయి.

హనుమయ్య క్రేనుతో వచ్చిన రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు కాళ్లు పట్టుకున్నాడు. అతను కాలు వెనక్కి లాక్కుని, పక్క సెక్టారులో ఇంకో రెండు బళ్లున్నాయని, వాటిని ఎత్తి వచ్చేలోపు మనిషిని దించుకోమని చెప్పి వెళ్లాడు.

ఎదుటి అపార్టుమెంట్ల సొసైటీలో ఉండే భీమేశ్వరరావు కుక్కని తిప్పుతూ ఇదంతా చూశాడు. సర్కారు ఆఫీసులో పెద్ద గుమాస్తా. రూల్సు నోటికొచ్చు.

"నడిస్తేనే అది బండి. చక్రాలు పీకెయ్ హనుమయ్యా. అప్పుడేం ఎత్తుకుపోతాడు?"

"రేపు పోలీసోళ్లు జరగమంటే ఎట్టా జరగాల సార్?"

"ముందు ఇవాళ గడవనీ."

హనుమయ్య జాకీ పెట్టి నాలుగు చక్రాలూ ఊడదీశాడు. కింద ఇటుకలు పేర్చాడు. స్టీరింగు, నంబరు ప్లేట్లు కూడా పీకాడు. కుదుపు కుదుపుకీ ఛాయాదేవి పళ్లు బిగబట్టింది. చక్రాలు దగ్గరుంటే మళ్లీ బండే అంటారని భీమేశ్వరరావు చెప్పడంతో, అటుగా పోతున్న పాత ఇనుము కొనే కబాడీవాడికి వాటిని ఎత్తి ఇచ్చేశాడు.

క్రేను తిరిగొచ్చింది. ఇన్‌స్పెక్టరు చుట్టూ తిరిగి చూశాడు.

"యే క్యా హై?"

"మకాన్ హై సాబ్," అన్నాడు హనుమయ్య.

భీమేశ్వరరావు ఇంగ్లీషులో ఏదో రూలు నంబరు చెప్పాడు. ఇన్‌స్పెక్టరు కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఇది బండి కాదు, తను ఉంటున్న ఇల్లని హనుమయ్యని రాసిమ్మన్నాడు. భీమేశ్వరరావే రాశాడు. హనుమయ్య అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు.

"ఠీక్ హై," అని ఇన్‌స్పెక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, క్రేనుని వెనక్కి తిప్పించాడు.

హనుమయ్య ఇటుకల పక్కనే కూలబడ్డాడు. ఛాయాదేవి తలుపు సందులోంచి అతన్ని చూసి, ఆపరేషన్ తరవాత మొదటిసారి నవ్వింది.

"అయితే మనకీ ఢిల్లీలో ఇల్లుందన్నమాట," అంది.

మరో రెండు గంటలకి బుల్డోజరు వచ్చింది, సర్కారు జాగాలో అనుమతి లేకుండా కట్టిన ఇంటిని కూల్చడానికి.