దీవించని చెయ్యి

పార్లమెంటు హాల్లో ఎసెన్ సీట్లో ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు.

తెల్లటి కల్పక్ టోపీ. రెండు చేతులూ పొడుగు కోటు జేబుల్లో.

ఆ దేశంలో పెద్దవాళ్లని లేవమనరు. కొత్తగా గెలిచిన సభ్యుడైతే అసలే అనడు. ఎసెన్ నిలబడే ఉన్నాడు.

"కూర్చో బాబూ. వెచ్చగా ఉంచుదామని కూర్చున్నా," అంటూ ఆయన పక్కకి జరిగాడు.

సీటు మంచుగడ్డలా ఉంది.

"మీ పార్టీయేనా ఆయన?" వెనకాయన్ని అడిగాడు ఎసెన్.

"మీవాడే అనుకున్నామే! కిందటి ప్రభుత్వంలోనూ ఉన్నాడు. అంతకుముందూ ఉన్నాడట."

ఆ భవనం మీద జెండాలు మారాయి. మారనివి క్యాంటీన్లో సమోసాలు, ఈ ముసలాయన.

ఆరోజు బిల్లు చిన్నదే. సభ్యుల్ని అరెస్టు చెయ్యడానికి ఇకనుంచి సభ అనుమతి అక్కర్లేదు.

"మనమేమన్నా దొంగలమా, భయపడ్డానికి?" అన్నాడు పార్టీ పెద్ద. "చెయ్యెత్తండి. కొత్త ఫ్లాట్లిస్తాం."

ఎసెన్ భార్య బురుల్ అప్పటికే కర్టెన్లు కొనేసింది.

"ఎత్తకు బాబూ," అన్నాడు ముసలాయన చెవిలో.

"అందరూ ఎత్తుతున్నారు కదా పెద్దాయనా."

"అప్పుడూ అందరూ ఎత్తారు."

"మీకేం, ఎన్నైనా చెప్తారు. కర్టెన్లు కొన్నది మా ఆవిడ!"

అన్నాడే గానీ ధైర్యం చాల్లేదు. పెద్దలు దీవిస్తే తప్పు పని కూడా సవ్యంగా సాగుతుందని అక్కడివాళ్ల నమ్మకం. ఎసెన్ అరచేతులు చాపాడు.

"ఒక్క దీవెన ఇవ్వండి, చాలు."

ముసలాయన మొదటిసారి చేతులు బయటికి తీశాడు. కుడిచేతికి రెండు వేళ్లు లేవు.

"ఈ చేత్తో దీవిస్తే నీకు కలిసిరాదు," అని మళ్లీ జేబుల్లో పెట్టేసుకున్నాడు.

దీవెన అడిగితే కాదన్న పెద్దమనిషిని ఎసెన్ ఎక్కడా చూడలేదు. ఒళ్లు మండి చెయ్యెత్తాడు.

దించి చూస్తే పక్కన ఎవరూ లేరు.

ఫ్లాటు వచ్చింది. కర్టెన్లు పొట్టివయ్యాయి.

వాటికి అంచు కుట్టించేలోగా ప్రభుత్వం మారింది. చట్టం మారలేదు.

ఇద్దరు మనుషులు సభకొచ్చి ఎసెన్‌ని నడవలోంచి తీసుకెళ్లారు. మర్యాదస్తులే, కోటు వేసుకోనిచ్చారు.

నడవ గోడమీద ఎర్రజెండా కాలంనాటి ఫొటో. అదే హాలు, అవే సీట్లు, అందరి చేతులూ పైకి.

"ఇది ఏ చట్టానికి?" అడిగాడు ఎసెన్, కాస్త ఆగొచ్చని.

"కింద రాశారుగా. నువ్వు చెయ్యెత్తిన చట్టమే, అప్పట్లోనూ పెట్టారు," అన్నాడు ఒకడు. "ఆ సిరా పూసిన మొహాలున్నాయే, వాళ్లని తర్వాత ఆ చట్టంతోనే పట్టుకెళ్లి కాల్చి చంపారు."

ఎసెన్ కూర్చునే సీట్లో కూడా ఒక మొహం నల్లటి సిరా కింద ఉంది; పూసినవాడు చెయ్యి సంగతి మర్చిపోయినట్టున్నాడు, అందరికంటే ఎత్తుగా లేచిన ఆ కుడిచేతికి రెండు వేళ్లు లేవు.