కొంగల లెక్క

“మూడో ఆదివారం ఎన్ని కొంగలన్నావమ్మా?” ఆనంద్ బాబు మళ్లీ అడిగాడు.

“ఐదు వందల నలభై అండీ,” అంది హారిక, చేతిలోని కాగితం చూస్తూ.

చాట్రాయి దగ్గర ఆ చిన్న ఊళ్లో, చెరువు గట్టు మీదే జనం కూర్చున్నారు. తేలాల్సింది ఒకటే. మూడు ఆదివారాల్లో ఒక్కనాడైనా కొంగలు ఐదు వందలు దాటి ఉంటే చెరువు వాటికే వదిలేస్తారు. లేదంటే చేపల పెంపకానికి ఆనంద్ బాబుకి ఇచ్చేస్తారు.

ఏటా చలికాలం గూళ్లు కట్టుకోవడానికి వచ్చే ఆ ఎర్రకాళ్ల కొంగలు ఊరికి ఆడపిల్లల్లాంటివి. పుట్టింటికొచ్చిన పిల్లల్ని లెక్కపెడితే దిష్టి తగులుతుందని ఊరివాళ్లెవరూ వాటిని లెక్కపెట్టరు. అందుకే బయటి ఊరి పిల్ల, నూజివీడు హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే హారికకి ఆ పని అప్పగించారు. తనే అడిగి మరీ తీసుకుంది.

“ఆ రోజు ఎన్నింటికొచ్చావు?”

“ఆరింటికండీ. మూడు వారాలూ ఆరింటికే వచ్చా. తొమ్మిది దాకా ఇక్కడే ఉన్నా.”

ఆనంద్ బాబు, చెరువు పక్కనే ఉన్న తన మామిడితోటలో పనిచేసే మల్లయ్య వైపు తిరిగాడు. “ఏం మల్లయ్యా, మొన్న, అదే మూడో ఆదివారం, నువ్వెక్కడున్నావు?”

మల్లయ్య తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. “మీ తోటలోనే కదండీ. పూతకి తేనెమంచు పురుగు పట్టిందని మందు కొట్టాం. తెల్లారి ఐదింటికే ఇంజను ఆన్ చేశాం.”

“మరి కొంగలు?”

“ఇంకెక్కడి కొంగలండీ! ఆ మోతకి ఒక్కటి నిలిస్తే ఒట్టు. పొద్దుగూకాక గానీ మళ్లీ వాలలేదు.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. “హాస్టల్లో దోమల్ని లెక్కెట్టుంటదిలే!”

హారిక చెవులు కాలిపోయాయి. మూడు ఆదివారాలూ చలికి దుప్పటి తీయలేదు. మొదటి బస్సు ఎక్కలేదు. ఎలాగూ కొంగలు వస్తాయి, వాటికి చెరువు దక్కితే చాలుగా అనుకుని, గదిలో కూర్చునే అంకెలు వేసింది.

గేదెల పక్కన నిలబడ్డ వెంకాయమ్మ కనిపించింది. “మామ్మా, మీరు రోజూ ఇక్కడికే గేదెల్ని తోలుకొస్తారు కదా. మిగతా రెండు వారాలూ ఎన్ని ఉన్నాయో మీరైనా చెప్పండి.”

“లెక్క నా నోట రాకూడదు తల్లీ,” అంది వెంకాయమ్మ. “ఆ నోరు మాకు లేకే కదా నిన్ను పెట్టుకుంది!”

ప్రెసిడెంటు పెద్దిరాజు హారిక చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. చింపలేదు. నాలుగు మడతలు పెట్టి మళ్లీ ఆమెకే ఇచ్చాడు. “ఒకటి అబద్ధమైతే మిగతా రెండూ ఎలా నమ్మమంటావమ్మా? చెరువు ఆనంద్ బాబుగారిదే.”

జనం బట్టలు దులుపుకుని లేచారు. ఎవరూ తిట్టలేదు. వెంకాయమ్మ మాత్రం వెళ్తూ వెళ్తూ, “పొద్దున ఏమన్నా తిన్నావా?” అని అడిగింది. నీళ్లలో తుమ్మచెట్ల మీద కొంగపిల్లలు మేత కోసం ఒకటే గోల.

ఆనంద్ బాబు బండి స్టార్ట్ చేసి, హారిక పక్కకి వచ్చి ఆపాడు.

“తప్పయిపోయిందండీ,” అంది హారిక.

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మొదటి ఆదివారం నాకు నిద్రపట్టక, తెల్లారకుండానే వచ్చి, లెక్కపెట్టకూడదని తెలిసీ లెక్కపెట్టానమ్మా. వెయ్యి దాటాయి. నువ్వెక్కడ వచ్చి పడతావోనని, తొమ్మిదింటిదాకా ఈ గట్టు మీదే వణుకుతూ కూర్చున్నాను.”