ఊరంతా సాక్ష్యం

అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. చెయ్యి నెమ్మది, కథ మాత్రం చిన్నదే.

"నీ చెల్లెను నాకిస్తవా? ఇయ్యాల్టి సంది నిన్ను అన్నా అనుడు బంద్. బావా అంటా," అన్నాడు తోటి పనివాడు నాగేందర్ నవ్వుతూ.

భోజన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఎదురుగా కఫీల్ అబ్దుల్ వహాబ్ కూర్చున్నాడు. సౌదీలోని రాస్ తనూరాలో వీళ్లకు వీసా, పని, తిండి ఇచ్చిన యజమాని ఆయనే. కువైట్ యుద్ధం అయిపోయిందన్న సంతోషంలో ఉన్నాడు. ఆయన అరబ్బీలో అన్న మాటను హైదరాబాదీ డ్రైవర్ గౌస్ మొహిద్దీన్ తెలుగులో చెప్పాడు.

"పిల్ల మంచిది, పిల్లగాడు మంచోడు అంటుండు. ముగ్గురికీ సెలవిస్తడట. మీ ఊర్ల లగ్గం చేసుకొని రమ్మంటుండు. ఊఁ అను భోజన్నా."

భోజన్న ఊఁ ఎట్లా అంటాడు? కఫీల్ ఇంట్లో వంట చేసే ఊర్మిల అతని చెల్లెలు కాదు, భార్య. పెళ్లికాని పిల్లకే వంటపని వీసా అని ఏజెంటు అంటే, పాస్‌పోర్టులో తన తండ్రి పేరే ఆమెకూ రాయించాడు. విమానం ఎక్కే ముందు పుస్తెలు తీయించాడు.

కాదందామంటే నాగేందర్ చేసిన మేలు అడ్డొచ్చింది. సైరన్లు మోగిన రోజుల్లో పనివాళ్లకు దొరికిన గ్యాస్ మాస్కులు రెండే. ఒకటి భోజన్న తగిలించుకున్నాడు. రెండోది నాగేందర్ ఊర్మిల ముఖానికి కట్టి, తను తడి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అది గుర్తొస్తే భోజన్నకు ఇప్పటికీ సిగ్గే.

"ఏంది బావా, నా మూతి నచ్చలేదా?"

"నన్ను చెప్పుతోని కొట్టు నాగేందర్. అది నా చెల్లె గాదు. నా పెండ్లాం."

గౌస్ భయపడుతూనే ఆ మాటను అరబ్బీలో చెప్పాడు. కఫీల్ ముఖం మాడిపోయింది.

"నిఖా కాయితం ఏది అంటుండు."

"మా దిక్కు కాయితాలుండయి భాయ్. పందిరేసినం, తాళి కట్టిన. ఊరంతా సాక్ష్యం."

గౌస్ నిట్టూర్చాడు. "ఆ ఊరు సముద్రం అవతలుంది. ఈడ ఊరంతా చెల్లె అనే సాక్ష్యం చెప్తది. నువ్వు నేర్పిందే గద."

నాగేందర్ లేచి నిలబడ్డాడు. "నాకెరుక లేదన్నా. తప్పయింది," అన్నాడు తల దించుకుని.

ఆ మాటకు భోజన్న మరింత కుంగిపోయాడు. తప్పు ఎవరిది, ఒప్పుకుంటున్నది ఎవరు?

కఫీల్ వంటింటి వైపు చెయ్యి చూపాడు. ఆమెనే అడగమన్నాడు. భోజన్నకు ప్రాణం లేచొచ్చింది. జైలయినా సరే, ఊరికి తోలినా సరే, ఇక దాచేది లేదు.

పరదా పక్కకు జరిపి ఊర్మిల వచ్చింది.

"సచ్ చెప్పు బిడ్డా," అన్నాడు గౌస్, భోజన్నను చూపిస్తూ. "ఈయన నీకేమైతడు?"

ఆమె భోజన్నను చూసి, పుస్తెలు లేని మెడ తడుముకుంది. తర్వాత నాగేందర్‌ను చూసింది.

"అన్ననే. మా లగ్గానికి సెలవు ఎన్ని దినాలిస్తడో అడుగున్రి."

— చిన్నవ్వ, డెబ్బై ఒక్కేండ్లు, ఇప్పుడు ఉండేది మెట్‌పల్లి