పుస్తకంలోకి ఎక్కే పేరు

"ఇవాళ కూడా పాస్టరుగారు ఫాడిపే ఇంటికే వెళ్లారట. బానిసగా వాడు పడ్డ కష్టాలన్నీ లండన్‌లో పుస్తకంగా అచ్చేస్తారట," అంది అకిన్‌యెలే పెళ్లాం మోజి, అలసంద పిండితో అకరా వడలు నూనెలో వదులుతూ.

అకిన్‌యెలే ఒళ్లు భగ్గుమంది. "ఏం చూశాడే వాడు? సముద్రం ఒడ్డున ఆ బానిసల కొట్టంలో వాడున్నది ఇరవై రోజులు. నేను మూడేళ్లున్నా, మూడేళ్లు!"

"ఇంతకాలంలో ఒక్కనాడైనా ఆ కొట్టం మాటెత్తావా? నా మీద అరిస్తే పుస్తకంలో పడతావా? వెళ్లి చెప్పుకో."

ఇంగ్లిషు నౌకాదళం ఆ కొట్టంలో దొరికిన వాళ్లందరితో పాటు ఫాడిపేనీ అకిన్‌యెలేనీ విడిపించి, ఫ్రీటౌన్ దగ్గర ఈ హేస్టింగ్స్ ఊళ్లో దించి ఇరవయ్యేళ్లయింది. చర్చిలో ముందు బల్ల ఫాడిపేదే. అల్లం కూడా వాడికే విరగపండుతుంది. ఇప్పుడు పుస్తకం కూడా వాడికేనా? అకిన్‌యెలే లేచాడు. చొక్కా తగిలించుకుని విసవిసా నడిచాడు.

ఫాడిపే అరుగు నిండా జనం. పాస్టరు రాసుకుంటున్నాడు.

"మమ్మల్ని బోర్లా పడుకోబెట్టారయ్యా. ఎర్రగా కాలిన కడ్డీతో భుజం మీద ముద్ర వేశారు. ఆ తర్వాత నాకు ఒళ్లు తెలీలేదు," అంటున్నాడు ఫాడిపే.

ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. వీడికోసం కన్నీళ్లు కూడానా! అకిన్‌యెలే ఇక ఆగలేకపోయాడు.

"అబద్ధం! ఎర్రటి కడ్డీ పెడితే తోలు ఊడొచ్చేస్తుంది. ఎరుపు పోయి నల్లబడేదాకా ఆగాలి. ముందు భుజానికి పామాయిల్ రాయాలి. అప్పుడు ఒత్తి, మూడు అంకెలు లెక్కపెట్టి తీసెయ్యాలి. ముద్రలో ఒక్క అక్షరం చెదరదు!"

పాస్టరు ముఖం వెలిగిపోయింది. "ఇంత వివరంగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదయ్యా! నీ పేరే ముందు రాస్తాను."

అకిన్‌యెలే ఛాతీ ఉబ్బింది. ఇప్పుడేమంటావన్నట్టు ఫాడిపే వైపు చూశాడు. ఫాడిపే మాత్రం రెప్ప వేయకుండా అతని చేతులకేసే చూస్తున్నాడు.

"ఏదీ, నీ ముద్ర కూడా చూపించు. అదెలా ఉందో రాసుకుంటాను," అన్నాడు పాస్టరు, కలం సిరాలో ముంచుతూ.

అకిన్‌యెలే చెయ్యి చొక్కా గుండీ దాకా వెళ్లి ఆగిపోయింది. అందరూ అతన్నే చూస్తున్నారు. ఎంతసేపటికీ ఆ గుండీ ఊడలేదు. చివరికి ఫాడిపేనే నోరు విప్పాడు.

"వేసేవాడికి ముద్రెక్కడుంటుంది, అయ్యగారూ!"