ఎవరి దుప్పి?

చచ్చి పడున్న దుప్పి కొమ్ము మీద పరాయివాడి చెయ్యి చూసేసరికి ఐలీకి ఒళ్లు మండిపోయింది.

"ఏయ్, చెయ్యి తియ్యి! అది నాది."

మంచులో మోకాళ్ల మీదున్న ముసలాయన తలెత్తాడు. "నేనూ దీన్ని కాల్చి, నెత్తురు చారిక పట్టుకునే వచ్చానమ్మా."

"నేను మాత్రం షికారుకొచ్చానా? పరిగెడుతుంటే కాల్చాను. ఇదిగో, నాలుగంగలేసి ఇక్కడ పడింది."

ఆ మిషిగన్ అడవుల్లో వేటగాళ్లందరి కట్టుబాటూ ఒకటే. ఎవరి తూటా ప్రాణం తీస్తే దుప్పి వాళ్లది.

ఐలీ మొగుడు టోయివో, రంపపు మిల్లులో మీద దుంగ పడి నడుం విరిగి, మంచాన ఉన్నాడు. ఇంట్లో పెద్ద ఫ్రీజరు ఖాళీ. ఈ దుప్పి దక్కితే చలికాలమంతా కూర, లేదంటే ఉడకేసిన బంగాళాదుంపలే. ఆ మాటా ముసలాయన మొహాన అనేసింది.

"మగదిక్కు లేదని లాక్కుపోదామనుకున్నావా? నా చేతిలోనూ తుపాకీ ఉంది!"

"ముందు కడుపు తెరువు తల్లీ. వేడి లోపలే ఉంటే మాంసం చెడిపోతుంది."

"నాకు తెలుసులే!"

ఏం తెలుసు? ఏటా ఆ పని మొగుడిది. కత్తి నిలువునా దించబోయింది.

"ఆగాగు! పేగు తెగిందా, మాంసమంతా కంపే. పదును పైకి పెట్టు, కింద రెండు వేళ్లు పోనియ్... ఇలా తే."

తనే చొక్కా చేతులు మడిచాడు. చెయ్యి భుజం దాకా దుప్పి ఎదలోకి పోనిచ్చి, లోపల కోసి, అంతా ఒక్క ఊపున బయటికి తీశాడు. ఒక్క పేగు తెగలేదు.

గుండె, కార్జం మంచులో కడిగి ఆమె సంచిలో వేశాడు. దుప్పి ఎవరిదో తెలిపే సర్కారు వేట చీటీ ఆమె దగ్గరుంటే అడిగి తీసుకుని, కొమ్ముకు తనే కట్టాడు.

"వాటా అడుగుతావేమో. పిసరు కూడా ఇవ్వను."

"వద్దమ్మా. నాలుగు రోజులు తోలుతోనే వేలాడదియ్యి, మెత్తబడుతుంది."

తుపాకీ భుజానేసుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

"దొంగ సచ్చినోడు! దొరికిపోయాక నంగనాచి కబుర్లు!"

నాలుగో రోజు షెడ్డులో అత్త ఇంపి తోలు ఒలుస్తోంది. ఐలీ పట్టి లాగుతోంది గానీ నోరు ఇంకా ఆగలేదు.

"పేరైనా అడిగావుటే?"

"దొంగకి పేరెందుకత్తా?"

ఇంపి కత్తి ఆగింది. కుడిపక్క తోలు కింద, చదునైపోయిన తూటా ఒకటి ఇరుక్కుని ఉంది. తోలు తిప్పి చూసింది. పైన చిల్లు లేదు.

"ఏ పక్కనుంచి కాల్చావే?"

"కుడిపక్కనుంచి."

"ఇది ఎడమనుంచి దూరి, ఇటు తోలు దాటలేక ఆగిపోయింది. మరి నీ తూటా ఏదీ?"

ఇద్దరూ దుప్పి ఒళ్లంతా వెతికారు. ఎడమపక్క ఆ ఒక్క చిల్లే. ఇంకెక్కడా గీటైనా లేదు.

ఐలీ ట్రక్కేసుకుని ముసలాయన కోసం అడవి దారంతా తిరిగింది. వేట రోజులు అయిపోయాయి. బండ్లు ఆగే చోట మంచు తప్ప ఏమీ లేదు.

"ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయేదయ్యా!" ఖాళీ రోడ్డు మీద నిలబడి అరిచింది.

ఎదలోకి భుజం దాకా చెయ్యి పెట్టినవాడికి ఆ చిల్లు తగలకుండా ఉండదు; దుప్పి తనదేనని తేలాకే ఆయన దాని కొమ్ముకు ఐలీ చీటీ కట్టాడు.